కవిలె నుంచి కోడ్ భాండాగారం దాకా: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక పరిశీలన

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతం 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో భాగం. కడప నుంచి 1858లో కర్నూలు జిల్లాకు, 1970లో ప్రకాశం జిల్లాకు మారింది. పాలనాకేంద్రం మారినా పొలిమేరలు, మాన్యాలు, మిరాసీల వివరాలు మాత్రం చాలాకాలం కరణాల ఇళ్లలోని కవిలెల్లోనే ఉండేవి. కాలిన్ మెకంజీ సహాయకులు దత్తమండలాలలో వాటి ఆధారంగా కైఫీయతులు రాయించారు. 1821లో మెకంజీ మరణించాక ఆ సేకరణను కంపెనీ కొన్నది, తరువాత సి.పి. బ్రౌన్ వాటికి ప్రతులు రాయించాడు. కవిలెలు చాలా మట్టుకు అంతరించాయి. ఊరు దాటిన ప్రతులే మిగిలాయి.

సోర్స్ కోడ్‌ను ఎక్కడ భద్రపరచాలన్న ప్రశ్నకు ఈ చరిత్ర పనికివస్తుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్‌లో ప్రతి నకలూ పూర్తి మార్పుల చరిత్రను మోస్తుంది. అయితే లోపాల నివేదికలు, సమీక్షలు, ఒక మార్పును ఎందుకు అంగీకరించారన్న చర్చ గిట్‌లో ఉండవు. అవి వేదిక యజమాని డేటాబేస్‌లో ఉంటాయి. గూగుల్ కోడ్ 2016లో మూతపడింది. గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ కొన్నది. పరాయి ఇంట దాచిన కవిలె గతి ఇదే. భారత ప్రభుత్వం 2015 విధానం మేరకు టులీప్ ఆధారంగా ఓపెన్‌ఫోర్జ్‌ను నెలకొల్పింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ సొంత గిట్‌ల్యాబ్‌ను నడుపుతోంది.

సొంత వేదికలన్నీ ఒక్కటి కావు. గిట్‌ల్యాబ్‌లో సదుపాయాలు ఎక్కువ, కాని దానికి పోస్ట్‌గ్రెస్, రెడిస్ వంటి తోడు వ్యవస్థలూ గిగాబైట్ల కొద్దీ మెమరీ అవసరం. 2016లో గాగ్స్ నుంచి విడివడిన గిటీ ఒకే ఫైలుగా, ఎస్‌క్యూలైట్‌తో, చిన్న యంత్రంపైనా నడుస్తుంది. గిటీ పేరు, డొమైన్లు ఒక వ్యాపార సంస్థ చేతికి వెళ్లడంతో 2022లో ఫోర్జెజో పుట్టింది. సాఫ్ట్‌వేర్ ఎంత స్వేచ్ఛాయుతమైనా దాని పేరు ఎవరి అధీనంలో ఉందన్నది వేరే ప్రశ్న అని అప్పుడు తేలింది.

మార్కాపురం వంటి పట్టణంలోని చిన్న కళాశాలకు, పూర్తికాలపు నిర్వాహకుడు లేని చోట, ఫోర్జెజో లేదా గిటీయే తగినది. పాత కంప్యూటరు చాలు. కాని అది ఒక్కటే ఉంటే కరణం ఇంటి అటక మీది కవిలెకూ దానికీ తేడా లేదు. గిట్ భాండాగారాలతో పాటు డేటాబేస్ నకలును కూడా ప్రతి రాత్రి ఒంగోలులోనో కర్నూలులోనో ఉన్న మరో సంస్థ యంత్రానికి పంపాలి. ఆ నకలు నుంచి వేదికను తిరిగి నిలబెట్టగలరో లేదో ఏటా ఒకసారైనా పరీక్షించాలి.