మణి ఎంత? గంట ఎంత?

నేను చదివిందంతా అరవ మీడియం. తెలుగు అక్షరాలు మా అవ్వ దగ్గర, గోడ మీది క్యాలెండర్ చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి.

పోయిన తై నెలలో మా బంధువుల పెళ్లిలో ఒక చిన్న సంగతి జరిగింది. పిల్లవాడి తరఫున విజయవాడ నుంచి కొందరు వచ్చి ఉన్నారు. ముహూర్తం దగ్గర పడుతోందని అందులో ఒకాయనను "మణి ఎంతయ్యిందండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "మణి ఎవరండీ, పెళ్లికొడుకు తమ్ముడా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేశారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం మనసులో కుట్టింది. అరవై ఏళ్లుగా ఇంట్లో మాట్లాడుతున్నది తెలుగు కాదా? ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించినదే ఇప్పుడు రాస్తున్నాను.

అరవంలో మణి అంటే గంట. గుడిలోది మణి, ఆవు మెడలోది మణి. టైము చెప్పేటప్పుడు కూడా మణే. 'పత్తు మణి' అంటే పది గంటలు. రత్నమూ మణే, వడ్లగింజా నెల్‌మణే. మనుషుల పేరు సరేసరి. మా ఆఫీసులో ముగ్గురు మణిలు ఉండేవారు, ఎవరైనా "మణీ!" అని అరిస్తే ఒకడు తిరిగి చూసేవాడు, ఇంకొకడు గడియారం చూసేవాడు.

సరే, విజయవాడాయన ఎలా అడుగుతారు? "ఎన్ని గంటలైంది?" అని. అంటే ఎన్నిసార్లు గంట మోగింది అనే కదా! ఆయన అడిగేదీ నేను అడిగేదీ ఒకటే. కన్నడంలో గంటె, ఒడియాలో ఘంటా, అవి కూడా మోగేవే. మరాఠీలో 'తాస్' అంటారు. కొట్టి టైము చెప్పే లోహపు పళ్లేనికి, గంటసేపటికి అదే మాట. యానాం సభ్యులకు ఫ్రెంచిలో 'క్లోష్' అంటే గంట అని తెలిసే ఉంటుంది. ఇంగ్లీషు 'క్లాక్' దాని చుట్టమే. దొరల ఓడల్లో అరగంటకొకసారి బెల్లు కొట్టి, నాలుగు గంటల డ్యూటీ ముగిసేసరికి ఎనిమిది దెబ్బలకు చేర్చేవారు. ఎవరిని చూసినా ఇదే. (తాటాకు మీద రాసే గంటం మాత్రం వేరే మాట, దాన్ని ఇందులో కలపకండి.)

కారణం ఏమిటంటే, ఆ కాలంలో టైము కంటికి కనిపించేది కాదు, చెవికి వినిపించేది. అడుగున సన్న చిల్లు పెట్టిన రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేవారు. నీరు మెల్లగా ఎక్కి అది మునిగితే ఒక గడియ, అంటే మన లెక్కకు 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. అరవంలో దీన్నే నాళిగై అంటారు. పక్కన కూర్చున్న మనిషి గిన్నె మునిగినప్పుడల్లా కంచు పళ్లెం మీద కొట్టాలి. బాబరు తన జ్ఞాపకాల్లో ఈ పద్ధతిని విడమరిచి రాశాడు. రాత్రి మెలకువ వచ్చినవాడికి గడియల దెబ్బలు వినిపిస్తాయి గాని అది ఎన్నో జామో తెలియదట. అందుకని గడియలు కొట్టాక కాస్త ఆగి, జాము లెక్క కూడా కొట్టమని హుకుం ఇచ్చాడు. అంత పెద్ద పాదుషాకూ మధ్యరాత్రి మెలకువ వచ్చేదన్నమాట! మన గడియారం అనే మాటలో ఇంకా ఆ గడియే కూర్చుని ఉంది.

మన గంటల్లో నాకు అన్నిటికంటే దగ్గరిది వీరపాండ్య కట్టబొమ్మన్ గంట. ఆయన రాజకంబళ నాయకర్ల వంశం, ఇంట్లో మన మాటే. తిరుచెందూర్ మురుగన్ గుడిలో పూజ అయితే గాని పాంచాలంకురిచ్చిలో ఆయన అన్నం ముట్టేవాడు కాదని చెప్పుకుంటారు. మరి గుడి దగ్గరా లేదు. అందుకని దారి పొడుగునా, శబ్దం అందేంత దూరానికి ఒకటి చొప్పున మండపాలు కట్టి గంటలు వేలాడదీశారట. గుడిలో గంట మోగితే మొదటి మండపంవాడు విని కొడతాడు, అది విని తరువాతివాడు. అలా కోట దాకా. ఆ వైపు వెళితే పాత మండపాలు చూపించి "ఇది కట్టబొమ్మన్ మణి మండపం" అని ఇప్పటికీ అంటారు. 1799 అక్టోబర్ 16న కంపెనీవాళ్లు ఆయనను కయత్తార్‌లో ఉరి తీశారు, కోటను నేలమట్టం చేశారు.

ఈ కథ వింటే నాకు రైల్వేనే గుర్తుకొస్తుంది. నేను స్టేషన్ మాస్టర్‌ను కాదు, బుకింగ్ గుమాస్తాను. రెండు రూములకూ నడుమ ఒక్క గోడే. పక్క స్టేషన్ నుంచి బ్లాక్ బెల్లు ఒక దెబ్బ మోగితే 'విను' అని. రెండు మోగితే 'లైన్ క్లియరా?', మూడు మోగితే 'బండి బయలుదేరింది', నాలుగు మోగితే 'వచ్చి చేరింది'. ఆరు దెబ్బలు వస్తే ప్రమాదం. నా సర్వీసులో రెండుసార్లు విన్నాను. లెక్క పూర్తయ్యేలోపే చేతిలో చిల్లర జారిపోయింది. చిన్న స్టేషన్లలో వేలాడదీసిన పట్టా ముక్క మీద పోర్టర్ సుత్తితో కొడితే, అప్పుడు టికెట్ కిటికీ దగ్గర జనం లేచేవారు. ఒకడు విని ఇంకొకడికి అందించడం, కట్టబొమ్మన్ మండపమూ అదే పని చేసింది.

ఇంకొక మాట. పురటాసి శనివారాల్లో శంఖం, సేగండి పట్టుకుని వచ్చే దాసరిని అరవ నాట్లో ఉన్నవాళ్లు చూసే ఉంటారు. గుండ్రటి కంచు పళ్లెం, చెక్కతో కొడతారు. చావు ఇంట్లో కూడా అదే. మా నాయన పోయినప్పుడు వచ్చిన పెద్దాయనను, పని అయ్యాక కాఫీ ఇచ్చి, దాని పేరు ఏమిటని అడిగాను. "అందరూ సేగండి అంటారు స్వామీ. మా తాత జేగంట అనేవాడు" అన్నాడు. బడిలో అరవ మాట అని నేర్చుకున్నది మా ఇంటి మాటే అని ఆ రోజు తెలిసింది. నాయనను తీసుకుపోయేటప్పుడు మోగింది జేగంటే.

మా మనవరాలు ఇప్పుడు మణీ అనదు, గంటా అనదు. "తాతా, టైం?" అంటుంది. నేను ఆమెతో "మణి ఎంత?" అనే అంటాను. మార్చుకోను.

బళ్లారి, సోలాపూర్, బరంపురం, యానాం సభ్యులు మీ ఇళ్లలో పెద్దవాళ్లు టైము ఎలా అడుగుతారో, జేగంటను ఏమంటారో కింద రాయండి. రాసి పెట్టుకుంటాను.