పిల్లి పెట్టిన బిచ్చం

పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టనివాడంటాం. పిల్లే బిచ్చం పెట్టిన సంగతి మాత్రం మన సామెతల్లో ఎక్కడా లేదు. అప్పటికది జరగలేదు మరి!

జరిగింది 1987లో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి డేవిస్‌లో పెద్ద పశువైద్య కళాశాల ఉంది. అక్కడ సర్జన్ క్లేర్ గ్రెగరీ బృందం, కిడ్నీలు చెడిన పెంపుడు పిల్లికి మరో పిల్లి కిడ్నీ అమర్చి బతికించింది. ముసలి పిల్లులకి ఈ జబ్బు మహా ఎక్కువ. పైగా పిల్లిది గుట్టు కాపురం. మాటిమాటికీ నీళ్లు తాగడం, ఒళ్లు తీసిపోవడం మన కంటపడేసరికి కిడ్నీల శక్తిలో మూడింట రెండొంతులు పోయి ఉంటుంది.

పరాయి కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా కాపాడింది సైక్లోస్పోరిన్. నార్వే మట్టిలో దొరికిన ఓ బూజు నుంచి తీసిన మందది. బతికున్నన్నాళ్లూ రెండు పూటలా మింగించాలి. పిల్లి చేత మందు మింగించిన ఇల్లాలికి తెలుస్తుంది, అదెంత యజ్ఞమో!

అది సరే, ఇచ్చిన పిల్లి మాటేమిటి? మనుషుల్లో తల్లి బిడ్డకిస్తుంది, తెలిసే ఇస్తుంది. పిల్లినెవరడిగారు? వాటిలో శరణాలయాల్లో ఉన్న దిక్కులేని పిల్లులూ ఉన్నాయి. అందుకని ఒక నియమం పెట్టారు. కిడ్నీ పుచ్చుకున్న పిల్లిని పెంచుకునేవారే ఇచ్చిన పిల్లినీ ఇంటికి తీసుకెళ్లి కడదాకా సాకాలి. కిడ్నీకో ఇల్లు! ధర్మమనేవాళ్లున్నారు. నాకు మాత్రం బేరంలాగే కనిపిస్తుంది. కాకపోతే, ఎవరూ రాని బోనులో చావుకోసం ఎదురుచూడటం కంటే ఈ బేరమే నయమంటే కాదనలేను.

ఈ బేరం అక్కర్లేని దారిలా కనిపించింది మూలకణాల చికిత్స, అదే స్టెమ్ సెల్స్. వాటిని ప్రయోగశాలలో పెంచి ఎక్కిస్తే కిడ్నీలో వాపు, మచ్చకట్టడం తగ్గుతాయేమోనని ఆశ. ఇచ్చే పిల్లికి పోయేది కాస్తంత కొవ్వు, అంతే.

కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో జెస్సికా క్వింబీ అనే పశువైద్యురాలు, ఆవిడ సహచరులు ఈ పని తలకెత్తుకున్నారు. 2011లో ప్రచురించిన తొలి ప్రయోగంలో ఆరు పిల్లులు. ఏ పిల్లి కణాలు ఆ పిల్లికే, కొవ్వులోంచో ఎముక మూలుగలోంచో తీసి, సూదితో నేరుగా కిడ్నీలోకే ఎక్కించారు. జబ్బున్నవి నాలుగైతే రెంటికి కాస్త నెమ్మదించింది. కాని ఆ మాత్రానికి జబ్బు ప్రాణికి అన్నేసిసార్లు మత్తివ్వడం సబబు కాదని వాళ్లే తేల్చారు.

తర్వాత ఆరోగ్యంగా ఉన్న వేరే పిల్లుల కొవ్వు కణాలు తెచ్చి నరంలోకి ఎక్కించారు. మోతాదు పెంచి చూస్తే కొన్నింటికి వాంతులు, ఆయాసం. ఆ సంగతి 2013లో రాశారు. 2016లో ప్రచురించిన పరీక్షలో ఎనిమిది పిల్లులు. అసలు మందునీ ఉత్తుత్తి మందునీ పక్కపక్కన పెట్టి చూశారు. కీడు జరగలేదు. చెప్పుకోదగ్గ మేలూ కనబడలేదు. ఆశపడి ఏళ్ల తరబడి చేసిన పని అక్కరకు రాలేదని తమ చేత్తోనే రాసి అచ్చువేయించారు చూశారూ, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఇవాళ్టికీ ముసలి పిల్లికి డాక్టర్లు ముందుగా చెప్పేది భాస్వరం తగ్గించిన తిండీ, దండిగా నీళ్లూను.