‘స్క్లావుస్’: జాతినామం నుండి బానిసవాచకం వరకు

ఆంగ్లంలోని ‘స్లేవ్’, ఫ్రెంచిలోని ‘ఎస్‌క్లావ్’, జర్మన్‌లోని ‘స్క్లావె’, స్పానిష్‌లోని ‘ఎస్‌క్లావో’, ఇటాలియన్‌లోని ‘స్క్యావో’ పదాలకు బానిస అని అర్థం. వీటన్నిటికీ మూలం మధ్యయుగ లాటిన్‌లోని ‘స్క్లావుస్’. మొదట అది బానిసవాచకం కాదు, స్లావ్ జాతి పేరు. 6వ శతాబ్దపు బైజాంటైన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ రచనల్లో ఆ జాతి ‘స్క్లావెనోయ్’గా కనబడుతుంది. సకార లకారాల నడుమ చేరిన కకారం గ్రీకుల ఉచ్చారణ ఫలితం. స్లావులు తమను పిలుచుకున్న పేరుకు ‘స్లొవొ’ (మాట) మూలమని పలువురి అభిప్రాయం. జర్మన్లను వారు ‘మూగవారు’ అనే అర్థమున్న మాటతో వ్యవహరించడం దీనికి బలమిస్తున్నది. అదే నిజమైతే, మాట తెలిసినవారమని చెప్పుకున్న జనుల పేరే పరుల నోట బానిసకు పేరయిందన్నమాట.

ప్రాచీన లాటిన్‌లో బానిసకు ‘సెర్వుస్’ అనే మాట ఉండగా కొత్త పదం అవసరమెందుకు కలిగింది? మధ్యయుగంలో ‘సెర్వుస్’ నుండి పుట్టిన ‘సెర్ఫ్’ భూమికి కట్టుబడిన రైతును సూచించసాగింది. సంతలో అమ్ముడుపోయే మనిషికి వేరే పేరు కావలసి వచ్చింది. క్రైస్తవులను అన్యమతస్థులకు అమ్మరాదనే నిషేధాలున్న ఆ కాలంలో, ఇంకా ఆ మతం స్వీకరించని స్లావులు వర్తకులకు సులభంగా చిక్కారు. 9, 10 శతాబ్దాలలో వారిని ముస్లిం స్పెయిన్ దాకా తరలించి అమ్మారు. అరబ్బీలో ‘సకాలిబా’ అన్న మాట ఆ వ్యాపారానికి మరో సాక్ష్యం. కొల్లసొమ్ముకు సంబంధించిన గ్రీకు ధాతువే ‘స్క్లావుస్’కు మూలమనే ప్రతిపాదన కూడా ఉన్నది, కాని వర్తక చరిత్ర జాతినామవాదాన్నే బలపరుస్తున్నది. ఇటువంటి పరిణామం ఇదొక్కటే కాదు. ప్రాచీన ఆంగ్లంలో వేల్స్ జనులను, పరదేశీయులను తెలిపిన ‘వెయల్హ్’ శబ్దానికి బానిస అనే అర్థమూ ఉండేది.

వెనిస్ నగరంలో ఈ పదచరిత్ర మరింత చిత్రమైనది. అక్కడి ‘రీవా దెల్యి స్క్యావోనీ’ అనే రేవుగట్టు పేరులో పాత జాత్యర్థమే నిలిచింది. డాల్మేషియా తీరపు స్లావ్ వర్తకులు తమ ఓడలను నిలిపిన చోటది. అదే నగరపు మాండలికంలో ‘మీ బానిసను’ అనే వినయోక్తి అరిగి ‘చావ్’ అయింది. మన ‘దాసోహం’ వంటిదే. నేడు ఆ పలకరింపులో దాస్యం స్ఫురించదు. ఆస్ట్రియా, బవేరియాలలో నేటికీ వినిపించే ‘సెర్వుస్’ అనే పలకరింపుదీ ఇదే దారి.

స్లావులు మాత్రం తమ భాషలలో బానిసను ‘రబ్’ అన్నారు. దానికి సంబంధించిన చెక్ పదం ‘రొబొత’ అంటే వెట్టిచాకిరి. 1920లో వెలువడిన తన నాటకంలోని కృత్రిమ శ్రామికులకు కారెల్ చాపెక్ పెట్టిన ‘రోబోట్’ అనే పేరు దాని నుండి వచ్చినదే. ఆ పేరు సూచించినవాడు అతని సోదరుడు యోసెఫ్.