బండియింటి శీతలపేటికయు వేసవి యెండయు

మొదటి ప్రపంచ సంగ్రామము ముగిసిన మఱుసటి యేట, 1919లో, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున టాంపా నగరపు డి సోటో పార్కులో గుడారములు వేసికొని విడిసియున్న మోటారు యాత్రికులు కొందఱు కూడి ‘టిన్ కెన్ టూరిస్టులు’ అను సంఘమును స్థాపించుకొనిరి. ఉత్తరదేశపు చలికి వెఱచి దక్షిణమునకు దిగివచ్చిన ఆ సామాన్య గృహస్థులు రేకుడబ్బాలలో నిలువయుంచిన పదార్థములతో కాలక్షేపము చేయుచుండిరే కాని, పాలు, వెన్న, పచ్చిమాంసము మొదలగువానిని వెంట గొనిపోవు నాశ వారికి లేదు. యాత్ర యనగా గృహసౌఖ్యమును కొన్నాళ్లు మఱచుటయే యని వారి తలంపు. పదునైదేండ్లు తిరుగునప్పటి కా తలంపు మాఱినది. డెట్రాయిట్ నగరమున సూక్ష్మజీవిశాస్త్రజ్ఞుడైన ఆర్థర్ షెర్మన్ తన కుటుంబముకొఱకు కట్టించుకొన్న బండియే ‘కవర్డ్ వాగన్’ అను పేర పెద్ద పరిశ్రమకు బీజమైనది. లిండ్‌బర్గు అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన విమానపు నిర్మాణమున పాలుగొన్న హాలీ బౌలస్ 1934లో అల్యూమినియపు రేకుతో ‘రోడ్ చీఫ్’ అను బండియింటిని నిర్మించెను. వాలీ బయమ్ 1936లో ‘క్లిప్పర్’ అను ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలరును 1,200 డాలర్ల వెలకు విపణిలో నిలిపెను. నలుగురికి పడకలు, నీటితొట్టి, విద్యుద్దీపములు గల ఆ బండిని కారు వెనుక తగిలించుకొని పోవువానికి ఇల్లు విడిచితినను భావము కలుగదు. ఇల్లు వెంట వచ్చినప్పుడు వంటగదియు వచ్చును. వంటగది వచ్చినప్పుడు పాలు విఱుగకుండ, మాంసము చెడకుండ కాపాడవలసిన చింతయు వచ్చును.

తొలినాళ్లలో ఆ చింతను మంచుగడ్డ తీర్చినది. లోపల రేకు పరచి, గోడలనడుమ వేడిమి చొరని పదార్థమును దట్టించిన చిన్న ఐసుపెట్టెయే ఆనాటి ట్రైలర్లలో శీతలయంత్రము. దారిలోని ఊళ్లలో మంచుగడ్డను కొనుట, పెట్టె యడుగున చేరిన నీటిని పారబోయుట, మరల గడ్డకై వెదకుట, ఇది నిత్యకృత్యము. అయినను ఐసుపెట్టెయం దొక గుణము కలదు. దానిని ఇప్పటివా రెవ్వరు నెన్నరు. గ్రాము మంచు కరగుటకు 80 కెలోరీల వేడిమి పట్టును. ఎండ ముదిరినకొలది గడ్డ త్వరగా కరగునే కాని, కరగని ముక్క మిగిలియున్నంత వఱకు పెట్టెలోని చలువకు లోటు రాదు. ఎండకు ఖర్చు పెరుగును, పని చెడదు. తరువాత వచ్చిన యంత్రములనుగూర్చి ఈ మాట చెప్పుట కష్టము.

అమెరికావారి మంచుగడ్డ మనవారికిని కొత్తది కాదు. బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలమున చెఱువులపై గట్టిపడిన మంచును కోయించి, ఱంపపుపొట్టులో పొదిగి, 1833లో ‘టస్కనీ’ అను ఓడపై కలకత్తాకు పంపగా, బయలుదేరిన 180 టన్నులలో సుమారు 100 టన్నులు నాలుగు నెలల సముద్రయానమును, భూమధ్యరేఖను రెండు మార్లు దాటిన వేడిమిని సహించి చేరినవి. తెలుగువారికిని అప్పుడు రాజధానియైన చెన్నపట్టణపు సముద్రతీరమున 1842లో ఆ మంచును దాచుటకు కట్టిన గుండ్రని ఐస్‌హౌసు నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి అందు విడిసిన కారణమున ఇప్పుడది వారి పేర వెలయుచున్నది. ఈ దేశముననే మంచును చేయు యంత్రములు వచ్చినపిదప ఆ వర్తకము అంతరించినది.

ఆ యంత్రములలో ఒక తెగ మన కథకు మూలపురుషుని వంటిది. ఫ్రాన్సు దేశస్థుడు ఫెర్డినాండ్ కారే 1859లో అమ్మోనియాను నీటిచే పీల్పించి, మంటపై మరల విడిపించి, ఆ విడిపోక కలయికలనుండి చలువను రాబట్టు యంత్రమునకు అధికారపత్రము పొందెను. అమెరికా అంతర్యుద్ధకాలమున ఉత్తరపు మంచు దక్షిణరాష్ట్రములకు అందక పోయినప్పుడు, నౌకాదిగ్బంధమును దాటించి తెచ్చిన కారే యంత్రములు అచ్చట మంచును చేసినవి. అగ్నిచేత శైత్యమును సాధించుట వినుటకు విరోధాభాసము. పనిలో అది సత్యము. అయితే కారే యంత్రమునకు పంపు కావలెను. పంపున్నచోట చప్పుడును, అరుగుదలయు తప్పవు.

ఆ పంపును తొలగించినవారు స్టాక్‌హోము సాంకేతిక విద్యాలయమున చదువుచుండిన బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అను యువకు లిరువురు. 1922లో వారు కల్పించిన యుక్తి యేమనగా, అమ్మోనియాకును నీటికిని తోడు హైడ్రోజనును గూడ గొట్టములలో బంధించుట. యంత్రమంతటను మొత్తము పీడనము సమానముగనే యుండును; కాని హైడ్రోజనున్న భాగమున అమ్మోనియా వంతునకు వచ్చు పీడనము మిక్కిలి తగ్గును; తగ్గుటచే అది సులభముగా ఆవిరియగును. 1925 నాటికి ఆ కల్పన ఎలెక్ట్రోలక్సు సంస్థ చేతికి వచ్చినది. పిమ్మట అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి ఎవాన్స్‌విల్ పట్టణపు సర్వెల్ సంస్థ హక్కులు పొంది, గ్యాసు మంటతో నడచు ఫ్రిజ్జులను 1950 దశకము వఱకు ఇల్లిల్లున నిలిపినది. అదే కాలమున భౌతికశాస్త్రజ్ఞులైన ఐన్‌స్టీను, లియో సిలార్డు కూడి చలించు భాగములు లేని శీతలయంత్రములకై శ్రమించిరి. వారి అధికారపత్రములలో కొన్నింటిని ఎలెక్ట్రోలక్సు వారే కొనిరి. కొని మూలను బెట్టి రనుటయే న్యాయము.

ప్లాటెన్, ముంటెర్సుల యంత్రమున చలించు భాగము లేదు, చప్పుడు లేదు, విద్యుత్తు అక్కఱలేదు; చిటికెనవ్రేలంత మంట చాలును. దారిమధ్యమున, అడవిలో, ఏ తీగయు చేరని చోట నిలుచు బండియింటికి ఇంతకన్న తగిన యంత్ర మేది? రెండవ సంగ్రామానంతరము సీసాలలో నింపిన బ్యూటేను, ప్రొపేను గ్యాసులు సులభముగా దొరకుట మొదలైనపుడు ఈ పేటిక ట్రైలర్లలోనికి చొచ్చినది. అమెరికా రచయిత స్టైన్‌బెక్ మహాశయుడు 1960లో తన కుక్కతో దేశమును చుట్టివచ్చిన లారీమీది గూటియందు కూడ పొయ్యి, దీపములతో పాటు గ్యాసుతో నడచు ఫ్రిజ్జు ఉండెను. ఆయన బయలుదేరినది వేసవి కడచిన పిమ్మట. చూచినది మెయిన్ రాష్ట్రపు శరత్కాలము. ఆ యంత్రమున కంతకన్న అనుకూలమగు ఋతువు లేదు.

ఇక వేసవిలో దాని గతి యెట్టిదో తెలియవలెనన్న దాని కడుపులోనికి తొంగిచూడవలెను. అడుగున మంట సెగకు అమ్మోనియా నీటిని వీడి వాయురూపమున పైకెక్కును. యంత్రము వెనుక పైభాగమున రెక్కలు గల గొట్టములలో తన వేడిమిని వెలుపలి గాలికిచ్చి ద్రవమగును. ఆ ద్రవము పేటికలోని గొట్టమునకు జాఱి, హైడ్రోజనుతో కలిసి, వట్టివేళ్ల తడకపై చల్లిన నీరు ఆఱుచు గది వేడిమిని హరించినట్లు, తా నావిరియగుచు పాలగిన్నె వేడిమిని హరించును. పిదప ఆ యావిరిని క్రింద మఱియొక గొట్టములోని నీరు పీల్చికొనును. పీల్చునప్పుడును వేడిమి పుట్టును, అదియు గాలిలోనికే పోవలెను. మంట ఇచ్చిన వేడిమిలో నాల్గవవంతునకో ఐదవవంతునకో సమానమైన వేడిమిని మాత్రమే ఈ యంత్రము ఆహారమునుండి తీయగలదు. తీసినదియు, మంట ఇచ్చినదియు కలిపి మొత్తము వెనుకగోడ దారినే వెడలవలెను. కావున ఈ యంత్రపు ప్రాణము మంటలో కన్న ఎక్కువగా వెనుకనున్న గాలిలో నున్నది.

ఆ గాలియే వేడెక్కినప్పుడు? 25 డిగ్రీల సెల్సియసు వద్ద సుమారు 10 వాతావరణముల పీడనమునకు ద్రవమగు అమ్మోనియా, 40 డిగ్రీల వద్ద 15కు పైబడినగాని, 50 వద్ద 20 చేరినగాని ద్రవము కాదు. కర్మాగారమున నింపిన హైడ్రోజను పరిమాణమును బట్టి పీడనపు హద్దు ముందే నిర్ణయమైయుండును. ఎండనుబట్టి దానిని హెచ్చించుకొనుటకు కంప్రెసరు లేదు. అమ్మోనియా కొంత ద్రవముకాక వాయువుగనే తిరుగును. మఱియొకవైపున వేడెక్కిన నీరు అమ్మోనియాను పీల్చుటకు మొఱాయించును. రెండుచోట్ల నొక్కటే దెబ్బ. మంటను పెంచిన మేలగునని తలచుట సహజమే గాని, పెంచిన మంట వేడిమియు ఆ వెనుకగోడదారినే పోవలెను గదా. శీతలయంత్రములకు నిర్ణయించిన అంతర్జాతీయ శీతోష్ణతరగతులలో సమశీతోష్ణదేశపు తరగతికి హద్దు 32 డిగ్రీలు, ఉపోష్ణమండలపు తరగతికి 38, ఉష్ణమండలపు తరగతికి 43. అరిజోనా రాష్ట్రపు ఫీనిక్సు నగరమున 2023లో 31 దినములు వరుసగా 110 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 43 సెల్సియసు, లేక అంతకు మించిన యెండ కాసినది. మూసిన ట్రైలరు గోడకు, పేటిక వీపునకు నడుమ చిక్కిన గాలి వెలుపలి గాలికన్న నింకను వేడిగనుండును. ఆహారము చెడకుండ నుండుటకు ఫ్రిజ్జులోపల 40 డిగ్రీల ఫారన్‌హీటుకు మించరాదని అమెరికా ఆరోగ్యాధికారులు చెప్పుచున్న హద్దును అట్టి మధ్యాహ్నమున ఈ యంత్రము నిలుపలేక పోయిన, తప్పు దానిది కాదు. టెక్సాసు తెలుగు గృహిణి సెలవుదినములకు అద్దె బండియింటిలో పెట్టుకొన్న పెరుగు సాయంకాలమునకు పులిసిపోయినదన్న, ఉష్ణమాపకము లేకుండగనే లోపలి సంగతి తెలిసినట్లే.

అట్లని యంత్రమునకే మొత్తము నెపము వేసి వదలుటకును వీలులేదు. దానిని కల్పించినవారు దిగువ నొక రంధ్రమును, మీద నొక పొగగూటిని కోరిరి. దిగువ చల్లగాలి దూరవలెను, వేడెక్కి గొట్టములను ఒరసికొనుచు పైకి లేవవలెను, కప్పునుండి వెడలిపోవలెను. ఈ గాలిదారి యెంత ఇఱుకుగ, నిటారుగ, ఎడములేక యుండిన నంత మేలు. పేటికవీపునకును గోడకును నడుమ చోటెక్కువైనచో గాలి సోమరియై గొట్టములను తాకకయే పక్కగా జాఱిపోవును. అందుకే అడ్డురేకులు పెట్టుమని తయారీదారుల సూచనాపత్రములు చెప్పుచునే యున్నవి. బండ్లను కట్టు కర్మాగారములలో, తొందరలో, ఆ రేకు ముక్కలు ఎన్నిమార్లో మఱుగుపడినవి. 1990 తరువాత గోడ యొక భాగము సొరుగువలె వెలుపలికి జరుగు బండ్లు ప్రచారములోనికి వచ్చి, ఫ్రిజ్జు ఆ జరుగుడు గోడలో చేరినప్పుడు, కప్పున పొగగూడు పెట్టుటకు వీలు లేకపోయెను. పైరంధ్రమును గూడ పక్కగోడకే తొలిచిరి. కొనువాడు విశాలమైన కూర్చుండుగదిని చూచి సంతోషించెను. తన ఫ్రిజ్జుకు ఊపిరి సగము తగ్గినదని వాని కెవ్వరు చెప్పలేదు. నా మట్టునకు, వేసవిలో ఈ పేటికలపై వచ్చిన అపకీర్తిలో పెద్దపాలు ఆ వడ్రంగమునకే చెల్లును.

యాత్రికులు తమంతట తాము కొన్ని ఉపాయములు నేర్చిరి. బయలుదేరుటకు ముందురాత్రియే యంత్రమును వెలిగించి పేటికను చల్లబఱచుట, ఇంటి ఫ్రిజ్జులో చల్లార్చిన వస్తువులనే అందు పెట్టుట, ఫ్రిజ్జున్న గోడ పడమటియెండకు తగులకుండ బండిని నిలుపుట, వెనుకగూటిలో చిన్న విద్యుత్‌పంకాను అమర్చి గాలిని తఱుముట, ఇవి వారి అనుభవసారము. మఱియొకటి బండిని సమతలముగ నిలుపుట. పంపు లేని యంత్రములో ద్రవము తన బరువుచేతనే పాఱవలెను. పోవుబండి కుదుపులకు బాధ లేదు, వాలుగ నిలిచి మంట మండుచుండిన బాధ. ద్రవ మొకచోట ఆగి, మరుగుగొట్టము ఎండి, తుప్పు పట్టకుండ కలిపిన క్రోమేటు లవణము గడ్డకట్టి దారిని మూసివేయును. ఒకసారి మూసికొనిన గొట్టము మరల తెఱచుకొనుట అరుదు. అట్టి వేడెక్కుడే ముదిరిన గొట్టము పగులుటయు, వెలువడిన వాయువు అంటుకొనుటయు గలదు. 2006లో ఒక పెద్ద తయారీదారు లక్షలసంఖ్యలో ఈ పేటికలను మరమ్మతునకు వెనుకకు పిలువవలసివచ్చినది.

అయినను అర్ధశతాబ్దికి పైగా ఈ యంత్రము బండియిండ్లలో ఎదురులేక యేలుటకు కారణ మేమి? ఆ కాలపు యాత్రికులు పక్షులవలె ఋతువు ననుసరించి తిరిగిరి. వేసవిలో ఉత్తరపు సరస్సులకును కొండలకును పోయిరి. అరిజోనా యెడారిలోని క్వార్ట్‌జ్‌సైటు వంటి చోట్లకు లక్షలుగ చేరునది నేటికిని జనవరిమాసముననే. పగలు మితమైన యెండయు, రాత్రి చలియు గల చోట ఈ పేటిక తాను పుట్టిన స్వీడనునందున్నట్లే పనిచేయును. దాని లోపము అంతకాలము దాని యజమానుల ప్రయాణక్రమము చాటున దాగియుండెను. బడి సెలవులకు కట్టుబడి జూలైలోనే పిల్లలతో బయలుదేరక తప్పని అద్దెబండివారు, ఏడాదిపొడుగున బండిలోనే కాపురముండువారు అధికమైన పిదప, ఆ లోపము పదిమంది నోట పడినది.

గడచిన పది పదునైదేండ్లలో పన్నెండు వోల్టుల కంప్రెసరు ఫ్రిజ్జులు దానిని క్రమముగా తొలగించుచున్నవి. పడవలలోను, లారీలలోను చిన్నయంత్రములుగ డెన్మార్కువారి కంప్రెసర్లు చిరకాలముగ నుండినవే. ట్రైలరులో వానికి కొఱతపడినది బ్యాటరీ. కప్పుపై సౌరఫలకములును, లోపల లిథియం బ్యాటరీలును అందుబాటు వెలకు వచ్చుటతో ఆ కొఱత తీఱినది. కంప్రెసరు అవసరమునుబట్టి పీడనమును పెంచుకొనగలదు, వాలును లక్ష్యపెట్టదు, తాను వాడిన శక్తికి మించిన వేడిమిని పేటికనుండి తోడివేయగలదు. కాని అది తోడిన వేడిమియు ఆ వెనుకగోడ గాలిలోనికే పోవలెను. పాత పేటికను తీసి కొత్తది పెట్టువారు ఇక మంట లేదు గదా యని ఆ రంధ్రములను రెంటిని మూసివేయుచు, 43 డిగ్రీల యెండలో మోటారు విరామములేక తిరుగగా, తెల్లవాఱుసరికి బ్యాటరీ అడుగంటినదని ఆశ్చర్యపడుచున్నారు.