ఒక పిస్తోలు, ఒక సంఖ్య

మా తొండియార్‌పేటను ఆనుకొని దక్షిణాన ఉన్న రాయపురం సముద్రతీరంలో 1933లో బాంబును పరీక్షిస్తూ రోషన్‌లాల్ అనే యువకుడు చనిపోయాడు. దక్షిణాదిలోనూ విప్లవం రగిలించాలని భగత్‌సింగ్ ఉరి తర్వాత ఇక్కడికి వచ్చిన ఉత్తరాది కుర్రాళ్ళలో అతనొకడు. కొద్దిరోజులకే తంబుచెట్టి వీధిలో వాళ్ళకూ పోలీసులకూ మధ్య కాల్పులు జరిగాయి. మన వీధుల దాకా వచ్చిన చరిత్ర గనుక, వాళ్ళు గురువుగా తలచిన భగత్‌సింగ్ పిస్తోలు చివరికి ఎక్కడికి చేరిందో తెలుసుకోవాలని నాకు చాలాకాలంగా కుతూహలం.

అది అమెరికాలో తయారైన .32 కోల్ట్ ఆటోమేటిక్. దానిమీది సంఖ్య 168896. 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్‌ను కాల్చిన కేసులో ఈ సంఖ్య రికార్డులకెక్కింది. 1931 మార్చి 23న భగత్‌సింగ్‌ను ఉరి తీశారు. పిస్తోలు మాత్రం సర్కారు చేతిలో మిగిలింది.

1944లో దాన్ని లాహోరు నుంచి ఫిల్లౌర్ పోలీసు శిక్షణ పాఠశాలకు పంపారు. మూడేళ్ళకు దేశం రెండయింది. లాహోరు అటు పోయింది, ఫిల్లౌర్ ఇటు ఉండిపోయింది. ఆ మామూలు బదిలీయే పిస్తోలును మనవైపు నిలిపింది. 1969 అక్టోబరు 7న మరికొన్ని ఆయుధాలతో కలిపి ఇండోర్‌లోని సరిహద్దు భద్రతాదళం శిక్షణ కేంద్రానికి పంపారు. అక్కడ తుప్పు పట్టకుండా నల్లరంగు పూశారు. ఆ రంగుకింద సంఖ్య మరుగున పడింది, దాంతోపాటే దాని కథా మరుగున పడింది. 2016లో రంగు గీకి, బయటపడిన అంకెలను పాత కాగితాలతో పోల్చి చూశాకనే అది ఎవరిదో తేలింది. 2017లో భగత్‌సింగ్ సమాధి ఉన్న హుస్సేనివాలాకు చేరింది.

ఒక కాలంలో నేరానికి సాక్ష్యం, మరో కాలంలో దర్శనీయ వస్తువు. ఇనుము మారలేదు, చూసే కన్ను మారింది. అయితే కాగితం లేకపోతే ఆ కన్నుకూ దారి తెలియదు.

మన ఇళ్ళల్లోనూ తాతల నాటి కత్తులు, ముద్రలు, తెలుగులో రాసిన దస్తావేజులు ఉన్నాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక మన పిల్లల్లో తెలుగు చదివేవారు తగ్గుతున్నారు. వస్తువు మిగిలి, దాని అక్షరం చదివేవారు లేకపోతే అదీ నల్లరంగు పూసిన పిస్తోలు లాంటిదే. ఏది ఎవరిదో, ఎవరి నుంచి వచ్చిందో, పెద్దలు ఉండగానే అడిగి ఒక చీటీమీద రాసిపెట్టుకుందాం.