సంతకు వెళ్ళిన పల్లె, పల్లెకు వచ్చిన పట్నం

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ ఫోటోల్లో గుమ్మడికాయలు మొదలవుతాయి. గడ్డిమోపుల మీద కూర్చున్న పిల్లలు, చెట్టు మీంచి యాపిల్ కోస్తున్న తాతగారు, మొక్కజొన్న చేలో దారి తప్పి నవ్వుతున్న కుటుంబం. ఇక్కడినుంచి చూసే పెద్దవాళ్ళకు ఓ సందేహం వస్తుంది. కాయ కొనడానికి అంత దూరం కారులో పోవడం ఏమిటి, తోటలో అడుగుపెట్టడానికి టిక్కెట్టు ఏమిటి, మళ్ళీ కాయకు వేరే డబ్బేమిటి అని. సందేహం న్యాయమైనదే. జవాబు మాత్రం రెండు వందల ఏళ్ళ వెనక ఉంది. అప్పట్లో ఈ రాకపోకలు ఎదురు దిశలో సాగేవి. కోతలయ్యాక రైతే తన పంటను, పశువులను తోలుకొని కౌంటీ ముఖ్యపట్నంలో జరిగే సంతకు వెళ్ళేవాడు. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా. కోర్టు, జైలు, భూముల రికార్డులు అన్నీ ఆ పట్నంలోనే.

ఆ సంతలు పుట్టకముందు కోతకాలపు సంబరం పనిలోనే కలిసిపోయి ఉండేది. మొక్కజొన్న కంకులు విరిచి కొట్టంలో కుప్ప పోశాక, ఇరుగుపొరుగు రాత్రిపూట చేరి పొత్తులు ఒలిచేవారు. ఎర్రగింజల కంకి దొరికిన కుర్రవాడికి నచ్చిన పిల్లను ముద్దాడే హక్కు ఉండేదట. ఆ కంకి ముందే జేబులో పెట్టుకొచ్చిన ఘనులూ ఉండే ఉంటారు. ఇంతకీ మొక్కజొన్న, గుమ్మడి ఈ రెండూ వలస వచ్చినవాళ్ళు తెచ్చినవి కావు. అక్కడి ఆదివాసులు చిక్కుడుతో కలిపి ఒకే చోట పండించుకున్న పంటలు. మసాచుసెట్స్‌లోని బెర్క్‌షైర్ కౌంటీలో ఉన్న స్టాక్‌బ్రిడ్జ్ మొహికన్లు 1780లలో నేల పోగొట్టుకొని న్యూయార్క్ వైపు తరలిపోవలసి వచ్చింది. తర్వాత సుమారు ఇరవై ఏళ్ళకు, అదే కౌంటీలో, అమెరికా కౌంటీ సంతకు అంకురార్పణ జరిగింది.

చేసినవాడు ఎల్కానా వాట్సన్. పుట్టు రైతు కాడు. వ్యాపారి, బ్యాంకు నడిపినవాడు, కాలువలు తవ్వించాలని ఊరూరా చెప్పుకు తిరిగినవాడు. 1807లో పిట్స్‌ఫీల్డ్‌కు వచ్చి వ్యవసాయంలో దిగాడు. స్పెయిన్ జాతి మెరినో గొర్రెలను ఒక జత సంపాదించి, ఆ ఏడాది శరత్తులో ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద ఎల్మ్ చెట్టు కింద నిలబెట్టాడు. ప్రదర్శన మొత్తం అంతే. ఆ ఉన్ని మెత్తదనం చూడటానికి రైతులు వచ్చారు, ఆడవాళ్ళూ వచ్చారు. రెండు గొర్రెలకే ఇంతమంది చేరితే కౌంటీలోని మేలుజాతి పశువులన్నిటినీ ఒకచోట చేర్చితే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడే తట్టిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. 1810లో పశువుల ప్రదర్శన పెట్టారు. 1811లో బెర్క్‌షైర్ వ్యవసాయ సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. ఆ ఏటి ఊరేగింపులో అరవై జతల దాకా ఎడ్లను గొలుసులతో కలిపి ఒకే నాగలికి కట్టారు. మేడి పట్టింది కౌంటీలోని వయోవృద్ధులు.

వాట్సన్ తెలివి అక్కడ ఉంది. అంతకుముందు ఫిలడెల్ఫియాలోనూ బోస్టన్‌లోనూ వ్యవసాయ సంఘాలు లేకపోలేదు. కానీ అవి చదువుకున్న దొరలు వ్యాసాలు చదువుకునే సభలు. రైతుకు వ్యాసం చెవికెక్కదని, పొరుగువాడి దూడకు బహుమతి వస్తే మాత్రం నిద్ర పట్టదని ఈయనకు తెలుసు. అందుకే ఊరేగింపు, మేళం, ప్రార్థన, ఉపన్యాసం, బహుమతులు, రాత్రికి నృత్యం అన్నీ కలిపాడు. ఇంట్లో నేసిన బట్టలకూ బహుమతులు పెట్టినప్పుడు ఆడవాళ్ళు నలుగురిలోకి రావడానికి జంకారు. ఆయన ముందు తన భార్యను తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఆ కబురు ఇంటింటికీ పంపాక మిగతావాళ్ళు కదిలారు. ఈ ఉత్సాహం వెనక రాజకీయం కూడా ఉంది. 1807 చివర్లో ప్రెసిడెంట్ జెఫర్సన్ విదేశీ వర్తకంపై నిషేధం పెట్టాడు. తర్వాత బ్రిటన్‌తో యుద్ధం వచ్చింది. ఇంగ్లీషు బట్ట రావడం కష్టమైపోయి ఉన్ని ధర పెరిగింది, మెరినో గొర్రె మీద మోజు వేలంవెర్రిగా మారింది. యుద్ధం ముగిసి ఓడలు మళ్ళీ రాగానే ఆ వెర్రి దిగిపోయింది. వాట్సన్ 1816లో ఆల్బనీకి తిరిగి వెళ్ళిపోయాడు. గొర్రెల బేరం పోయినా సంత నిలిచింది.

1819లో న్యూయార్క్ రాష్ట్రం కౌంటీ వ్యవసాయ సంఘాలకు ఖజానా నుంచి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. డబ్బు ఉన్నంతకాలం సంఘాలు వెలిగాయి, ఆగిపోగానే చాలా వరకు మూలపడ్డాయి. ఇది మనకు కొత్త కథ కాదు. 1841లో సిరక్యూస్‌లో న్యూయార్క్ రాష్ట్ర స్థాయి సంత మొదలైంది. 1850లకల్లా మధ్య పశ్చిమ రాష్ట్రాల కౌంటీల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలలు సంతల నెలలైపోయాయి.

1859 సెప్టెంబరు 30న మిల్వాకీలో జరిగిన విస్కాన్సిన్ సంతలో అబ్రహాం లింకన్ మాట్లాడాడు. రైతులను పొగడటానికి రాలేదని మొదట్లోనే చెప్పేశాడు. ఇలాంటి సంతలు ఎరగని మనుషులను కలిపి స్నేహం పెంచుతాయన్నాడు. ఎకరా దిగుబడి పెంచడం గురించి, ఆవిరితో నడిచే నాగలి గురించి చెప్పి, చివరకు అసలు విషయానికి వచ్చాడు. కూలివాడు ఎప్పటికీ కూలివాడుగానే ఉండాలన్న వాదాన్ని ఖండించి, పనిచేసే చేతికి చదువుకున్న బుర్ర తోడుండాలన్నాడు. మరుసటేడు అధ్యక్ష ఎన్నికల్లో గెలిచాడు. సంతలో రాజకీయ నాయకులు కనబడటం అప్పటికే అలవాటు, ఇప్పటికీ పోలేదు.

న్యూ ఇంగ్లాండ్ సంతల్లో ఎడ్ల చేత బరువు లాగించే పోటీలు ఈనాటికీ జరుగుతాయి. మెయిన్ రాష్ట్రంలో 1851లో మొదలైన ఫ్రైబర్గ్ సంతలో కాంక్రీటు దిమ్మెలు పేర్చిన బల్లను ఎడ్లు ఈడుస్తుంటే, గుంటూరు, ప్రకాశం జిల్లాలవాడికి పరాయి ఊళ్ళో ఉన్నట్టే ఉండదు. దక్షిణాది సంతలకు వెళితే చుట్టరికం ఇంకాస్త దగ్గరవుతుంది. అక్కడ బహుమతులు కొట్టే మూపురం ఉన్న బ్రాహ్మన్ జాతి పశువులు భారతదేశపు జాతులను కలిపి తయారుచేసినవి. అక్కడివాళ్ళు నెల్లూరు అని పిలుచుకునే మన ఒంగోలు జాతి రక్తం అందులో ఒక పాలు.

ఆ దక్షిణాదిలోనే సంత అందరిదీ కాలేదు. నల్లవాళ్ళకు వేరే సంతలు, లేదా ప్రత్యేకంగా ఒక రోజు. డాలస్‌లోని టెక్సాస్ రాష్ట్ర సంతలో ఈ పద్ధతికి వ్యతిరేకంగా 1955లో జువనీటా క్రాఫ్ట్ అనే ఉద్యమకారిణి యువకులను వెంటబెట్టుకొని గేటు దగ్గర నిరసన చేసింది. సంత ఊరిని కలుపుతుందని చెప్పే ప్రతిసారీ, ఏ ఊరిని అని అడగవలసి ఉంటుంది.

వినోదం, విజ్ఞానం మధ్య తగువు మొదటినుంచీ ఉంది. గుర్రప్పందేలు వచ్చినప్పుడు పాస్టర్లు, వ్యవసాయ పత్రికలు గోల పెట్టారు. జనం మాత్రం పందేలకే వచ్చారు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో జార్జ్ ఫెరిస్ పెద్ద రంగులరాట్నం నిలబెట్టాక, చిన్న చక్రాలు కౌంటీలకు కూడా చేరాయి. పశువుల కొట్టం ఒకవైపు, రంగులరాట్నం ఒకవైపు, మధ్యలో ఊరగాయ సీసాలు, బొంతలు, గెలిచినవాటికి నీలం రిబ్బన్లు. ఈ వరస ఇప్పటికీ మారలేదు. ఇ. బి. వైట్ 1952లో రాసిన షార్లెట్స్ వెబ్ చదివిన పిల్లలకు ఈ వాతావరణం తెలుసు. అందులో పందిపిల్ల విల్బర్ ప్రాణం నిలిచేది కౌంటీ సంతలోనే.

పిల్లలను ఈ లోకంలోకి లాక్కొచ్చినవాడు ఎ. బి. గ్రాహం అనే బడి అధికారి. 1902లో ఒహాయోలోని క్లార్క్ కౌంటీలో బడిపిల్లలతో ఒక క్లబ్బు పెట్టి, మొక్కజొన్న పండించడం, మట్టి పరీక్షించడం నేర్పాడు. అదే తర్వాత ఫోర్-హెచ్ అనే పిల్లల సంస్థ అయింది. 1914లో వచ్చిన చట్టంతో, విశ్వవిద్యాలయాల వ్యవసాయ పాఠాలను రైతు గడపకు చేర్చే విస్తరణ సేవ కౌంటీ కౌంటీకీ వెళ్ళింది. ఆ విశ్వవిద్యాలయాల్లో ఒకటైన కాన్సాస్ స్టేట్, 1964లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి తోడ్పడింది. పిట్స్‌ఫీల్డ్ చెట్టు కింద మొదలైన ఆలోచన ఇలా చుట్టు తిరిగి రాజేంద్రనగర్ దాకా వచ్చిందన్నమాట.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది పొత్తులొలిచే పోటీల ముచ్చట. కొట్టాల్లోని ఒలుపు రాత్రులు మాయమవుతున్న కాలంలో, 1920ల మొదట్లో, అయోవాలో పత్రిక నడుపుతున్న హెన్రీ వాలెస్ చేతితో ఒలవడాన్ని క్రీడగా మార్చాడు. 1924నుంచి జాతీయ పోటీలు జరిగాయి. ఎనభై నిమిషాలు గడువు. కంకి విరవడం, పొట్టు లాగడం, బండికి కట్టిన ఎత్తయిన చెక్కకేసి విసరడం ఆగకుండా సాగాలి. వదిలేసిన కంకులకు, మిగిలిన పొట్టుకు తూకంలో కోత. 1930ల చివరికి ఈ పోటీలు చూడటానికి లక్షకు పైగా జనం పొలాల్లోకి వచ్చేవారు. అప్పటికే యంత్రాలు వచ్చేశాయి. సంకరజాతి మొక్కజొన్న నిటారుగా నిలబడటంతో యంత్రానికి పని మరీ సులువైంది. ఆ సంకర విత్తనాల కంపెనీ 1926లో పెట్టింది వేరెవరో కాదు, ఆ వాలెసే! 1941లో ఆయన దేశ ఉపాధ్యక్షుడయ్యాడు, అదే ఏడు చివరి పెద్ద పోటీ జరిగింది. తర్వాత యుద్ధం. యుద్ధమయ్యాక చేతితో ఒలిచేవాడే లేడు.

పని పోయాక దాని ఆట మిగలడం, ఆ ఆట చూడటానికి పట్నం రావడం, ఇక్కడినుంచి దారి మళ్ళుతుంది. 1920 జనగణనలో మొదటిసారి పట్టణవాసులు సగం దాటారు. 1935లో 68 లక్షలున్న కమతాలు ఇవాళ ఇరవై లక్షలలోపు. తాతకు పొలం ఉన్నవాళ్ళ మనవలు పొలం ఎలా ఉంటుందో చూడటానికి వెళ్ళే కాలం వచ్చింది.

దానికి కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీ మంచి ఉదాహరణ. 1848లో బంగారం దొరికిన కొలోమా ఈ కౌంటీలోదే. బంగారం తర్వాత ఇక్కడి కొండల మీద పియర్ పళ్ళ తోటలు బాగా సాగాయి. 1950ల చివర్లో పియర్ చెట్లకు తెగులు వచ్చి తోటలు ఎండిపోసాగాయి. మిగిలిన యాపిల్ చెట్లు టోకు మార్కెట్లో పెద్ద తోటలతో పోటీపడేంతగా లేవు. 1964లో పదహారుగురు రైతులు కలిసి యాపిల్ హిల్ అని పేరు పెట్టుకున్నారు. కాయను మార్కెట్‌కు పంపే బదులు, కొనేవాణ్ణే కొండెక్కించాలన్నది వాళ్ళ ఎత్తు. శాక్రమెంటోనుంచి యాభయ్యో నంబరు హైవే తోటల పక్కనుంచే పోతుంది. యాపిల్ రసం, యాపిల్ డోనట్లు, పై, పిల్లలకు బండి సవారీ చేరాయి. తెగులే తగలకపోతే ఈ యాపిల్ హిల్ పుట్టేది కాదేమో. ఇప్పుడు సెప్టెంబరు మొదటి వారంనుంచి నవంబరు చివరిదాకా శనాదివారాల్లో హైవే మీద కార్లు బారులు తీరతాయి. ఫాల్సమ్, బే ఏరియాల సాఫ్ట్‌వేర్ కుటుంబాలు, వాళ్ళలో తెలుగువాళ్ళు, పులిహోర డబ్బాలతో సహా.

గుమ్మడికాయది ఇంకో దారి. ఒహాయోలోని సర్కిల్‌విల్‌లో 1903లో మేయరు జార్జ్ హాస్వెల్ తన ఆఫీసు ముందు గుమ్మడికాయలు, మొక్కజొన్న చొప్ప పేర్చి చూపించాడు. అదే ఏటేటా పెరిగి పెద్ద ఉత్సవమైంది. కాలిఫోర్నియా తీరంలో హాఫ్ మూన్ బే ఉత్సవం 1971లో మొదలైంది. కెనడాలోని నోవా స్కోషియా రైతు హోవర్డ్ డిల్ అభివృద్ధి చేసిన అట్లాంటిక్ జెయింట్ విత్తనం వచ్చాక కాయలు పిచ్చిగా పెరిగాయి. 1904లో రికార్డు కొట్టిన కాయ 403 పౌండ్లు. 2023లో హాఫ్ మూన్ బే తూకంలో గెలిచినది 2,749 పౌండ్లు, అంటే పన్నెండు వందల కిలోలు దాటి. ఆ సైజు కాయను ఎవరూ రుచి కోసం పండించరు.

మొక్కజొన్న చేలో చిక్కుదారి మరీ కొత్తది. 1993లో పెన్సిల్వేనియాలోని ఆన్‌విల్‌లో, బ్రాడ్వే నాటకాల నిర్మాత డాన్ ఫ్రాంట్జ్, బ్రిటిష్ రూపశిల్పి ఏడ్రియన్ ఫిషర్‌తో కలిసి రాక్షసబల్లి ఆకారంలో చేను కోయించాడు. వసూలైన డబ్బు ఆ ఏడాది మిసిసిపీ వరద బాధితులకు. పదేళ్ళు తిరక్కముందే దేశమంతటా రైతులు అదే చేశారు. గింజ అమ్మితే వచ్చేదానికన్నా చేలో తప్పిపోనిస్తే ఎక్కువ వస్తుందని తేలింది మరి. ప్రభుత్వ వ్యవసాయ గణన ప్రకారం ఇలాంటి విహారాల ఆదాయం 2012లో సుమారు 70 కోట్ల డాలర్లు, 2017కు 95 కోట్ల దగ్గరకు చేరింది.

జనం వస్తే తగాదాలూ వస్తాయి. బండి మీంచి జారిపడ్డవాడు దావా వేస్తాడన్న భయంతో చాలా రాష్ట్రాలు రైతుకు రక్షణగా చట్టాలు చేశాయి. తోట గేటు దగ్గర కనిపించే హెచ్చరిక బోర్డులు వాటి చలవే. 1996లో పాశ్చరైజ్ చేయని యాపిల్ రసంతో జనం జబ్బుపడిన తర్వాత రసం మీద నిబంధనలు బిగిశాయి. ట్రాఫిక్‌తో, పాటల హోరుతో విసిగిన పొరుగువాళ్ళు కౌంటీ బోర్డు సమావేశాల్లో నిలదీస్తారు. ఇది తోటా, తిరునాళ్ళ మైదానమా అన్నది వాళ్ళ ప్రశ్న. ఎల్ డొరాడో కౌంటీ దీనికి ఒక నిబంధన రాసి పెట్టుకుంది. దాని ప్రకారం డోనట్లు అమ్మాలన్నా, ఉత్సవం జరపాలన్నా, పెళ్ళికి చోటివ్వాలన్నా, ముందు ఆ నేలలో కొంత విస్తీర్ణానికి తగ్గకుండా నిజమైన పంట ఉండాలి. చెట్లు ఉన్నాయో లేదో చూడటం వ్యవసాయ శాఖవాళ్ళ పని.