ఒలీవల కొండమీది ఆసుపత్రి: శరణార్థుల వైద్య పరిచర్యలో ఒక అధ్యాయం

మార్కు సువార్త రెండవ అధ్యాయంలోని పక్షవాయువుగలవాని వృత్తాంతం మీద ప్రసంగించని కాపరి మనలో ఉండడు. సాధారణంగా మనం పాపక్షమాపణ దగ్గర, శాస్త్రుల ఆలోచనల దగ్గర ఎక్కువసేపు ఆగుతాం. మోసుకొని వచ్చిన నలుగురిని విశ్వాసానికి మాదిరిగా చూపి ముందుకు సాగిపోతాం. కాని ఆ నలుగురు చేసినదాన్ని ఒక్కసారి కేవలం పనిగా చూడండి. స్వస్థపరచువాడు ఇంట్లోనే ఉన్నాడు. రోగి ఆ ఇంటి ముంగిటికి వచ్చాడు. మధ్యలో ఉన్నది జనసమూహం, ఒక గోడ, ఒక కప్పు. వారి పరిచర్య అంతా ఆ మధ్యనున్నదాన్ని దాటించడమే.

మిషను ఆసుపత్రుల చరిత్ర వ్రాసేటప్పుడు మనం డాక్టరమ్మను గూర్చి, కట్టడాన్ని గూర్చి, శంకుస్థాపన చేసిన దొరగారిని గూర్చి వ్రాస్తాం. మోసినవారిని గూర్చి వ్రాయం. శరణార్థుల విషయంలో ఈ లోపం మరీ పెద్దది. ఎందుకనగా శరణార్థికి వైద్యుడు లేకపోవడం సగం కష్టమే; వైద్యుడు ఉన్నా అతని దగ్గరకు చేరలేకపోవడం మిగిలిన సగం. ఈ వ్యాసంలో యెరూషలేములోని ఆగస్టా విక్టోరియా ఆసుపత్రి చరిత్రను ఆ రెండవ సగం వైపునుండి చూడదలచాను.

యెరూషలేము యాత్రకు వెళ్ళివచ్చిన మన కాపరులు ఈ భవనాన్ని చూచే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. ఒలీవల కొండకు ఉత్తరపు వైపున దూరానికి కూడా కనిపించే ఎత్తైన గోపురం దానిదే. యాత్రికుల బస్సులు గెత్సేమనేకు, ఆరోహణ స్థలానికి వెళ్తాయి. ఆసుపత్రి ముందు ఆగడం అరుదు.

చక్రవర్తి కట్టించిన ఇల్లు

జర్మనీ చక్రవర్తి రెండవ విల్హెల్మ్ 1898లో భార్యతో కలిసి యెరూషలేము వచ్చి, అక్టోబరు 31న, అనగా సంస్కరణ దినాన, పాత పట్టణంలో లూథరన్ల రిడీమర్ చర్చి ప్రతిష్ఠలో పాల్గొన్నాడు. ఆ యాత్ర ఫలితంగానే చక్రవర్తిని ఆగస్టా విక్టోరియా పేరిట ఒలీవల కొండమీద 1907లో నిర్మాణం మొదలై 1910లో ప్రతిష్ఠ జరిగింది. జర్మను యాత్రికులకు బస, ఆ దేశంలో పనిచేసే జర్మను సేవకులకు మలేరియానుండి కోలుకొనే విశ్రాంతి గృహం, ఇవి దాని ఉద్దేశాలు. కైజర్స్‌వెర్త్ డీకనెస్ సహోదరీలు దాన్ని నడిపారు. ఉద్దేశం భక్తిగలదే గాని కట్టడంలో రాజ్యాడంబరం దాగలేదు. ఆరాధన మందిరపు పైకప్పు చిత్రాలలో రాజదంపతులున్నారు. లోపలి ఆవరణలో వారి కంచు విగ్రహాలున్నాయి. చక్రవర్తిది సిలువయుద్ధ వీరుని వేషం.

ఆ ఆడంబరం ఎక్కువ కాలం నిలువలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఇంట్లో తుర్కుల, జర్మనుల సైనిక కార్యాలయాలు నడిచాయి. తరువాత బ్రిటిషువారు దాన్ని హైకమిషనరు నివాసంగా వాడుకొన్నారు. 1921 మార్చిలో చర్చిల్, అమీరు అబ్దుల్లా ట్రాన్స్‌జోర్డాన్ భవిష్యత్తును మాట్లాడుకొన్నది అక్కడే. 1927 జూలై భూకంపంలో భవనం దెబ్బతినగా ప్రభుత్వం ఖాళీ చేసింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది ఆసుపత్రి అయింది. అంటే ఆ ఇల్లు ఆసుపత్రిగా మారింది ఏ మిషను బోర్డు తీర్మానంవల్లనో కాదు, యుద్ధాల రాకపోకలవల్లనే. వైద్య మిషనుల చరిత్రలో దర్శనం ముందు, కట్టడం తరువాత అని మనం చెప్పుకొనే వరుసకు ఇది తలక్రిందులు.

శరణార్థులైన సంఘం

1948 యుద్ధంలో పాలస్తీనా అరబ్బులు ఏడు లక్షలకు పైగా ఇండ్లు విడిచిపోవలసి వచ్చింది. యెరూషలేము తూర్పు భాగం, ఒలీవల కొండ జోర్డాను అధీనంలోకి వచ్చాయి. యెరికో దగ్గర అఖబత్ జబర్, బేత్లెహేము దగ్గర ధెయిషె వంటి శిబిరాలు గుడారాలతో మొదలయ్యాయి. ఒలీవల కొండమీది భవనంలో మొదట రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ ఆసుపత్రి నడిపింది. 1950లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ ఆ పని చేపట్టింది. పాలస్తీనా శరణార్థుల కోసం 1949 డిసెంబరులో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ కూడా 1950 మే నెలలోనే పని మొదలుపెట్టింది.

లూథరన్ వరల్డ్ ఫెడరేషన్‌కు అప్పటికి మూడేండ్లే. 1947లో స్వీడను దేశపు లుండ్ పట్టణంలో అది ఏర్పడినప్పుడు లోకంలోని ప్రతి ఆరుగురు లూథరన్లలో ఒకరు శరణార్థిగానో నిర్వాసితుడుగానో ఉన్నారు. ఈ ఒక్క సంగతి తెలియకపోతే తరువాతి కథ అర్థం కాదు. ఐరోపాలో ఇండ్లు పోగొట్టుకొన్న తమ సొంత జనానికి అన్నం, మందులు, ప్రయాణ పత్రాలు సమకూర్చడంలోనే ఆ సమాఖ్య పని నేర్చుకొంది. యెరూషలేములో దాని ప్రతినిధిగా ఉన్న అమెరికను పాస్టరు ఎడ్విన్ మోల్ ఓడిపోయిన జర్మనీ మిషనుల ఆస్తులను కాపాడే బాధ్యత కూడా మోయవలసి వచ్చింది. ఆస్తిని కాపాడడానికి తాళం వేయవచ్చు. ఇక్కడ తలుపులు తెరచి కాపాడారు. గుంటూరులో 1883లో అడుగుపెట్టి 1898లో ఆసుపత్రి తెరచిన డాక్టరు అన్నా కుగ్లరు పేరు తెలిసిన మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం కూడా ఈ సమాఖ్యలోని సభ్య సంఘమే. అయినా ఒలీవల కొండమీది పనిని గూర్చి మన సంఘాలలో వినబడేది తక్కువ.

ఏర్పాటు ఎలా ఉండేదో చూడాలి. శిబిరాలలో చిన్న వైద్యశాలలను ఐక్యరాజ్యసమితి సంస్థ స్వయంగా నడిపేది. పెద్దాసుపత్రులను మాత్రం తాను కట్టక, అప్పటికే ఉన్నవాటితో పడకల ఒప్పందం చేసుకొనేది. ఆ విధంగా ఆగస్టా విక్టోరియాలో కట్టడం, నిర్వహణ సంఘానివి. శరణార్థుల పడకల ఖర్చుకు ఐక్యరాజ్యసమితి సంస్థ తోడ్పాటు. ఫెడరేషను గ్రామాలలో కూడా వైద్యశాలలు నడిపింది. శిబిరంలోని తల్లికి ఆ కొండ ఎక్కే హక్కు చేతిలోని రెఫరల్ చీటీలో ఉండేది.

దీన్ని కొందరు విద్యార్థులు ‘కాంట్రాక్టు పరిచర్య’ అని తేలికగా మాట్లాడగా విన్నాను. మంచి సమరయుని ఉపమానం మళ్లీ చదవమని వారికి చెప్పాను. అతడు పూటకూళ్ల ఇల్లు కట్టలేదు. ఉన్న ఇంటికి తన వాహనం మీద గాయపడినవాణ్ణి చేర్చాడు, రెండు దేనారములు ఇచ్చాడు, మిగిలిన ఖర్చుకు పూచీపడ్డాడు. అది యెరికో దారిలో జరిగిన కథ అని వేరుగా చెప్పనక్కరలేదు. లూకా దానిలో లెక్కలు కూడా వ్రాయడానికి సిగ్గుపడలేదు.

దారి మూసుకొన్నప్పుడు

1967 యుద్ధంలో ఆసుపత్రి భవనం దెబ్బతింది, మళ్లీ బాగుచేశారు. యెరూషలేము తూర్పు భాగం ఇశ్రాయేలు అధీనంలోకి వచ్చింది. అయినా ఇంకా పాతికేండ్లు పశ్చిమతీరంనుండి రోగి బస్సెక్కి కొండకు రావడం సాధ్యమయ్యేది. అసలు మలుపు 1993 మార్చిలో వచ్చింది. వరుస హత్యల తరువాత ఇశ్రాయేలు ప్రభుత్వం పశ్చిమతీరం, గాజా ప్రాంతాలవారు అనుమతి పత్రం లేకుండా యెరూషలేములోకి రాకూడదని కట్టడి పెట్టింది. 2002నుండి గోడ లేచింది. బేతనియ ఈ కొండకు తూర్పు వాలున ఉన్నది. సువార్తలో అది యెరూషలేముకు కోసెడు దూరం. ఇప్పుడు ఆ ఊరు గోడకు అవతల ఉన్నది. అక్కడి రోగి చుట్టు తిరిగి, తనిఖీ కేంద్రం దాటి రావాలి. ఇశ్రాయేలు ప్రభుత్వం దీనికి తన ప్రజల ప్రాణభద్రతను కారణంగా చూపింది. ఆ భయం అబద్ధం అని నేననను. ఫలితం మాత్రం ఇది: ఆసుపత్రి ఒకవైపు, రోగులు మరొకవైపు.

ఆ 1990ల దశకంలోనే ఐక్యరాజ్యసమితి సంస్థతో నాలుగు దశాబ్దాల పాత ఏర్పాటు కూడా ముగింపుకు వచ్చింది. రోగులు రాలేరు, పడకలకు డబ్బు లేదు. మూసివేస్తే ఎవరూ తప్పు పట్టేవారు కారు. మన తీరాంధ్రలో విదేశీ నిధులు ఆగినప్పుడు మిషను ఆసుపత్రులు ఎలా నీరసించాయో, వాటి స్థలాల మీద సంఘాలలో ఎన్ని వ్యాజ్యాలు నడిచాయో మనకు తెలుసు. ఆగస్టా విక్టోరియావారు వేరే ప్రశ్న వేసుకొన్నారు: ఇన్ని అడ్డంకులు దాటి రావలసిన రోగికి, అవతల దొరకనిది ఏది ఇవ్వగలం? దాని జవాబుగా పిల్లలకు కూడా మూత్రపిండాల డయాలిసిస్, కేన్సరు చికిత్స చేపట్టారు. 2000ల దశకంలో రేడియేషను చికిత్స మొదలైంది. పశ్చిమతీరం, గాజా పాలస్తీనావారికి రేడియేషను ఇచ్చే పాలస్తీనా ఆసుపత్రి అదొక్కటే అయింది.

యంత్రం వచ్చినంత మాత్రాన రోగి రాలేదు. ఇక్కడే ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే భాగం ఉన్నది. రోగులను, సిబ్బందిని తనిఖీ కేంద్రాలు దాటించి తెచ్చేందుకు ఆసుపత్రి తన బస్సులు నడిపింది. రొమ్ము కేన్సరు పరీక్ష చేసే వాహనాన్ని ఊళ్లకే పంపింది. రేడియేషను వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది గనుక, గాజానుండి వచ్చినవారికి దగ్గరలోనే బస కూడా ఏర్పాటు చేసింది. అనుమతి పత్రాల కోసం గుమాస్తాలు పని చేశారు. అయినా అన్నీ దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2017లో గాజా రోగుల దరఖాస్తులలో సకాలంలో అనుమతి దొరికినవి 54 శాతమే. చిన్న పిల్లలతో పడుచు తల్లిదండ్రులను రానివ్వని సందర్భాలలో అమ్మమ్మలు, నాయనమ్మలు తోడు వచ్చారు.

బస అనే మాట వచ్చింది గనుక నా సంగతి ఒకటి చెప్పాలి. నేను కాపరిగా ఉన్న ఒక పల్లెలో ఒక సహోదరికి ఇదే చికిత్స వ్రాశారు. చికిత్స ఉచితమే. కాని రోజూ నగరానికి వెళ్ళి రావాలి, ఇరవై అయిదు రోజులు. నేను ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి వచ్చాను. ఆమె నాలుగవ రోజున మానేసింది. బస్సు చార్జీలు, పోయిన కూలి, రాత్రి పడుకొనే చోటు లేకపోవడం కారణాలు. ఆ నగరంలో మన సంఘాలవారి ఇండ్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. ఒక్క ఇంటివారినీ నేను అడగలేదు. ఆమె మరుసటి సంవత్సరం చనిపోయింది. ఒలీవల కొండమీది బసను గూర్చి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆమె జ్ఞాపకం వచ్చింది.

ఇందులో సువార్త ఎక్కడ ఉన్నదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆగస్టా విక్టోరియా రోగులలో అత్యధికులు ముస్లిములు. సిబ్బందిలో ఉభయ మతాలవారూ ఉన్నారు. బాప్తిస్మముల లెక్క అక్కడ వెదకితే దొరకదు. కాని మార్కు ఆ నలుగురి నోట ఒక్క మాట కూడా వ్రాయలేదు. ప్రభువు చూచినది వారి విశ్వాసాన్ని; ఆ విశ్వాసం ఆయనకు కప్పులోని సందు గుండా కనిపించింది. మాట చెప్పవలసిన పరిచర్య వేరే ఉన్నది, నేను దాన్ని తగ్గించడం లేదు. ఆ కొండమీదనే ఆరోహణ ఆలయంలో వాక్య పరిచర్య సాగుతూనే ఉన్నది.

ఈ పనికి బలహీనత లేదని చెప్పను. ప్రత్యేక వైద్యం ఖరీదైనది. ఇచ్చే చేయి ముడుచుకొంటే పని ఆగుతుంది. 2018లో అమెరికా ప్రభుత్వం తూర్పు యెరూషలేము ఆసుపత్రులకు ఇచ్చే రెండున్నర కోట్ల డాలర్లను నిలిపివేసింది. పాలస్తీనా అధికార సంస్థ పంపిన రోగుల బాకీలు పేరుకుపోయి, 2021లో కొత్త కేన్సరు రోగులను చేర్చుకోలేని రోజులు వచ్చాయి. రెండు దేనారములు ఇచ్చినవాడు తిరిగి రాకపోతే పూటకూళ్లవాడు ఏమి చేయాలి? ఉపమానంలో ఆ ప్రశ్న లేదు.

2023 అక్టోబరు 7 దాడి, దాని వెంట వచ్చిన యుద్ధం గాజానుండి ఈ కొండకు వచ్చే దారిని మూసివేశాయి. 1882లో ఆంగ్లికను మిషనెరీలు స్థాపించిన గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో అక్టోబరు 17న పేలుడు జరిగి, ఆశ్రయం పొందినవారు అనేకులు చనిపోయారు; 2025 మట్టల ఆదివారం నాడు, ఏప్రిల్ 13న, అదే ఆసుపత్రి మీద ఇశ్రాయేలు దాడి జరిగింది. గాజాలో కేన్సరుకు ఉన్న ఒక్క ఆసుపత్రి 2023 నవంబరు మొదటిలో ఇంధనం లేక ఆగిపోయింది. ఒలీవల కొండమీద రేడియేషను యంత్రాలు పని చేస్తూనే ఉన్నాయి. గాజాకు ఆ కొండకు మధ్య దూరం ఎనభై కిలోమీటర్ల లోపే. యుద్ధం మొదలైన నాటికి అక్కడ చికిత్సలో ఉన్న గాజా రోగులు, వారికి తోడు వచ్చినవారు, తిరిగి వెళ్ళే దారి లేక కొండమీదనే ఉండిపోయారు. ఆసుపత్రి వారి బసను నెల తరువాత నెల పొడిగించింది.